బీడీలు చుట్టే ఊళ్లో కార్మెన్

(హనుమకొండలో గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

గ్రంథాలయ వారోత్సవాల్లో పుస్తకాల గురించి మాట్లాడటం ఆనవాయితీ. నిర్వాహకులు నన్ను మాత్రం మా ఊళ్లో తెర మీద వేస్తున్న నాటకాల గురించి చెప్పమన్నారు. 1904లో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయాన్ని నిలబెట్టుకున్న పట్టణం ఇది. పుస్తకం చదువుకోవడానికి ఒక చోటు కావాలని నలుగురు పూనుకుంటే ఏమవుతుందో మీకు తెలుసు. కాబట్టి నాటకం చూడటానికి ఒక చోటు కావాలని మా ఊరు ఎందుకు అనుకుందో మీకు విడమరిచి చెప్పనక్కరలేదు. ఎలా చేస్తున్నామో, చేస్తుంటే మాకు ఏం తెలిసివచ్చిందో చెబుతాను.

మాది జగిత్యాల జిల్లా. మగవాళ్లలో చాలామంది గల్ఫ్ దేశాల్లో ఉన్నారు. ఆడవాళ్లలో చాలామంది బీడీలు చుడతారు. పంచాయతీ వారి కమ్యూనిటీ హాలు పెళ్లిళ్లు లేని రోజుల్లో ఖాళీగా ఉంటుంది. అక్కడ ఒక తెర, ఒక ప్రొజెక్టరు, రెండు పెద్ద స్పీకర్లు పెట్టుకుని నెలకో సాయంత్రం రంగస్థలం మీద ఆడిన నాటకాల రికార్డింగులు వేస్తున్నాం. పద్యనాటకాలు వేశాం, సురభి వారివి వేశాం, ఇంగ్లీషు నాటకాలు వేశాం, కథను పాటలతో నడిపే పాశ్చాత్య సంగీత నాటకాలు, అంటే ఒపెరాలు కూడా వేశాం. సినిమాలు వెయ్యం. వాటికి వేరే దారులు చాలా ఉన్నాయి.

రంగస్థలాన్ని తెర మీదికి తేవడం ఈనాటి ఆలోచన కాదని ముందుగా చెప్పాలి. మన సినిమా పుట్టిందే అలా. 1932లో వచ్చిన మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' అప్పటికే ఊరూరా ఆడుతున్న నాటకం. అందులో లీలావతి వేషం కట్టిన సురభి కమలాబాయి నాటకాల బండి మీద పుట్టి పెరిగిన మనిషి. కడప జిల్లాలోని ఒక చిన్న ఊళ్లో 1885లో మొదలైన సురభి సమాజం వాళ్లు, వైర్ల మీద మనుషులను ఎగరేసి, పరదాల మీద అడవులను, అంతఃపురాలను మార్చి చూపించి, సినిమా రాకముందే జనానికి సినిమా చూపించారు. ఆ తరువాత సినిమా తన దారి తాను చూసుకుంది. నాటకం తెరకు దూరమైపోయింది.

మళ్లీ ఆ రెండింటినీ కలిపినవాళ్లు పరదేశాల వాళ్లు. 2006 డిసెంబరు 30న న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ ఒపెరా వాళ్లు మొజార్ట్ రాసిన 'మ్యాజిక్ ఫ్లూట్'ను తమ రంగస్థలం మీద ఆడుతూ, అదే సమయానికి ఉపగ్రహం ద్వారా సినిమా హాళ్లకు పంపించారు. లండన్‌లోని నేషనల్ థియేటర్ 2009 జూన్‌లో హెలెన్ మిరెన్ నటించిన 'ఫీద్ర'తో అదే పని మొదలుపెట్టింది. పెద్ద నగరాల మల్టీప్లెక్సులతో ఆగకుండా బ్రిటన్‌లో పల్లెటూళ్ల హాళ్ల దాకా ఆ ప్రదర్శనలు వెళ్లాయి. అక్కడ కుర్చీలు వేసేదీ, టీ కాచేదీ, టికెట్లు చించేదీ ఊరివాళ్లే. మన దేశంలో ముంబైలోని ఎన్‌సీపీఏ (నేషనల్ సెంటర్ ఫర్ ది పెర్ఫార్మింగ్ ఆర్ట్స్) వాళ్లు ఇలాంటివి చాలా కాలంగా వేస్తున్నారు. 2020 లాక్‌డౌన్‌లో మెట్రోపాలిటన్ ఒపెరా, నేషనల్ థియేటర్ రెండూ తమ రికార్డింగులు కొన్ని ఇంటర్నెట్లో ఉచితంగా పెట్టాయి. మా ఊరి పిల్లలు కొందరు ఫోన్లలో చూసిందీ, ఇది నలుగురం కలిసి చూడాల్సిందని అన్నదీ అప్పుడే.

ఇక కార్మెన్ అనే ఒపెరా దగ్గరికి వస్తాను. మీకు చెప్పాలని నేను ఆరాటపడి వచ్చింది దీని గురించే.

ఒపెరా వేద్దామన్నప్పుడు ఏది వేయాలన్న చర్చ వచ్చింది. కార్మెన్ వేద్దామని నేను పట్టుబట్టాను. కారణం చాలా సూటిగా ఉంది. స్పెయిన్‌లోని సెవిల్ నగరంలో పొగాకు కార్ఖానా. అందులో సిగరెట్లు చుట్టే ఆడవాళ్లు. వాళ్లలో ఒకామె కార్మెన్. తునికాకు కత్తిరించి, పొగాకు నింపి, చుట్టి, దారం కట్టి, కొస మడిచి బతుకుతున్న ఆడవాళ్లున్న ఊళ్లో వేయడానికి దానికంటే తగిన ఒపెరా నాకు తెలియదు. హక్కుదారులకు ఉత్తరం రాసి, రుసుము కట్టి, రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నాం. టికెట్ పెట్టకపోతే అనుమతి అక్కరలేదని చాలామంది అనుకుంటారు. ఆ మాట నిజం కాదు. సంగీతకారుడు చనిపోయి నూట యాభై ఏళ్లయినా, ఆ ప్రదర్శననూ రికార్డింగునూ తయారుచేసినవాళ్ల హక్కులు వాళ్లకు ఉంటాయి.

భాష ఫ్రెంచి. కింద వచ్చే అక్షరాలు ఇంగ్లీషు. మా ప్రేక్షకుల్లో సగం మందికి తెలుగు అక్షరాలే కష్టం. మా ఊళ్లో ఒకప్పుడు భాగోతాలు ఆడిన పెద్దాయన ఒకరు ఉన్నారు. ఆయనకు కథంతా ముందుగా చెప్పాం. ప్రతి అంకానికి ముందు మైకు పట్టుకుని తెర పక్కన నిలబడి, జరగబోయేదంతా ఆయన తన తీరులో చెప్పారు. మొదటి అంకానికి ముందే, చివర్లో ఆమెను వాడు పొడిచి చంపుతాడని కూడా చెప్పేశారు. వెనక వరసలో ఒక కుర్రాడు, "అంతా చెప్పేస్తే ఇక చూసేదేముంది తాతా?" అన్నాడు. ఆయన వెంటనే, "హరిశ్చంద్రుడికి చివరికి ఏమవుతుందో తెలియకనా నువ్వు కాటిసీను చూడటానికి వస్తావు?" అన్నారు.

ఒపెరా గురించి నేను చదివిన పుస్తకాల్లో ఇంత చక్కగా చెప్పినవాళ్లు లేరు. యక్షగానం చూసేవాళ్లకు కథ ముందే తెలుసు. పాత్రధారి ఆ చోట ఎలా పాడతాడో, ఆ మాటను ఎంత దూరం లాగి ఎక్కడ వదులుతాడో వినడానికి వాళ్లు రాత్రంతా కూర్చుంటారు. ఒపెరా కోరే ప్రేక్షకుడు సరిగ్గా ఇలాంటివాడు. సినిమాకు అలవాటుపడిన పట్నం మనిషి ఒపెరా ముందు విసుక్కుంటాడు, ఒక్క మాట చెప్పడానికి ఇంతసేపా అని. భాగోతం చూసిన అవ్వ విసుక్కోదు. మూడు గంటలు ఆమెకు ఒక లెక్కా?

మొదటి అంకంలో కార్ఖానా గంట కొడతారు. ఆడవాళ్లు గుంపుగా బయటికి వస్తారు. వాళ్లను చూడటానికి సిపాయిలు, కుర్రాళ్లు అప్పటికే వచ్చి నిలబడి ఉంటారు. మా హాల్లో అక్కడ కలకలం రేగింది. కాసేపటికి లోపల గొడవ జరుగుతుంది. ఒకామె మొహం మీద కార్మెన్ కత్తితో గీస్తుంది. ఆడవాళ్లు రెండు జట్లుగా బయటికి దూసుకొచ్చి, అధికారి చుట్టూ మూగి, తప్పు ఫలానాదానిదంటే కాదు ఫలానాదానిదని ఒకేసారి అరుస్తూ పాడతారు. అక్షరాలు చదవలేని ఆడవాళ్లు కూడా ఆ ఒక్క చోట మా పెద్దాయన సాయం లేకుండా అంతా అర్థం చేసుకున్నారు. ఎవరు ఎవరి వైపో కూడా చెప్పగలిగారు.

విరామంలో ఒకావిడ నా దగ్గరికి వచ్చారు. చిన్నప్పటి నుంచి బీడీలు చుడుతున్న మనిషి. "సారూ, బాగుంది గానీ, వాళ్లు కూర్చుని చుట్టినట్టు ఒక్కసారి కూడా చూపించలేదేమిటి?" అన్నారు.

నేను ఆ తరువాత చాలా రోజులు ఆలోచించిన మాట అది. అవును, చూపించలేదు. మొదటి అంకమంతా కార్ఖానా బయట కూడలిలోనే నడుస్తుంది. ఆ ఆడవాళ్లను మనం చూసేది వాళ్లకు పని విరామం దొరికినప్పుడే. పొగ తాగుతూ, పాడుతూ, నవ్వుతూ ఉన్నప్పుడే. ఒళ్లో చేట పెట్టుకుని నడుం వంచి కూర్చున్న గంటలు ఆ కథలో లేవు. లెక్క తక్కువైతే వచ్చే మాటలు లేవు. కంపెనీలో బాగాలేవని ఏరి పక్కన పడేసే బీడీలకు కూలి రాదన్న బాధ లేదు. 1875 మార్చి 3న పారిస్‌లో మొదటిసారి ఆడినప్పుడు ప్రేక్షకులకు అది కూడా ఎక్కువైంది. ఆ థియేటరు సంపన్న కుటుంబాలు పెళ్లిసంబంధాలు మాట్లాడుకోవడానికి వచ్చే చోటు. రంగస్థలం మీద ఆడవాళ్లు పొగ తాగడం, కొట్టుకోవడం, కథానాయికను కళ్ల ముందే చంపడం వాళ్లకు మింగుడు పడలేదు. బృందగానం పాడే గాయనులే, ఇలా తిరుగుతూ, తోసుకుంటూ పాడటం మా వల్ల కాదని తిరగబడ్డారు. ఒపెరా నిలదొక్కుకోవడం చూడకుండానే, దానికి సంగీతం కూర్చిన బిజే సరిగ్గా మూడు నెలలకు, జూన్ 3న, 36 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. ఇన్నేళ్లుగా ఎందరో విమర్శకులు ఆ ఒపెరా మీద రాశారు. మా ఊరి ఆవిడ అడిగిన ప్రశ్న నాకు వాళ్ల రాతల్లో కనబడలేదు. ఒక కళాఖండాన్ని కొత్త చోట వేస్తే దాన్ని కొత్త కళ్లు చూస్తాయి. ఆ కళ్లకు కనబడేది ఆ కళాఖండానికి కూడా కావాలి.

ఇంకొకటి జరిగింది. రెండో అంకంలో, చివరికి కార్మెన్‌ను పొడిచి చంపే సిపాయి జోసే తన ప్రేమను చెప్పుకునే పాట ఉంది. జైల్లో ఉన్నంత కాలం, ఆమె విసిరిన పువ్వును వాడిపోయినా దాచుకున్నానని పాడతాడు. చివర్లో గొంతు పైకి తీసుకెళ్లి, మెల్లగా దించుతాడు. అది అయిపోగానే మా హాల్లో ముందు వరస నుంచి "ఒన్స్ మోర్!" అని కేక. తరువాత ఇంకో నలుగురు. తెర ఎలా పాడుతుంది మళ్లీ? ల్యాప్‌టాప్ దగ్గర కూర్చున్న కుర్రాడు నా వైపు చూశాడు. నేను తల ఊపాను. వెనక్కి జరిపి మళ్లీ వేశాడు.

ఇది చెబితే పట్నంలో ఒక మిత్రుడు నొచ్చుకున్నాడు, కళ మర్యాద పోయిందని. మర్యాద అక్కడే ఉందని నా నమ్మకం. పద్యనాటకం చూస్తూ ఒన్స్ మోర్ కొట్టడం మన ప్రేక్షకుడు నటుడికి ఇచ్చే పెద్ద గౌరవం. ఒపెరాకూ ఆ అలవాటు ఉండేది. కొన్ని హాళ్లు దాన్ని నిషేధించాయి. మిలాన్‌లోని లా స్కాలాలో 2007లో పెరూ గాయకుడు హువాన్ డియేగో ఫ్లోరెస్ ఒక పాటను జనం కోరిక మీద మళ్లీ పాడితే, ప్రపంచమంతా వార్త అయింది. అంతకుముందు ఆ హాల్లో అలా జరిగింది 1933లోనట. మన పద్యానికీ వాళ్ల పాటకూ ఇంత దగ్గరితనం రావడానికి ఒక కారణం గొంతు. రెండూ మైకు లేని రోజుల్లో తయారైనవి. మన నటులు చివరి వరసకు అందాలని హెచ్చు శ్రుతిలో పాడారు. ఒపెరా గాయకులు వాద్యబృందం మొత్తాన్ని దాటుకుని వినబడాలి. అందుకని గొంతులోని శక్తిని 3,000 హెర్ట్జ్ చుట్టుపక్కల పోగుచేసేలా సాధన చేస్తారు. ఆ చోట వాద్యాల హోరు తక్కువ, మన చెవి చురుకు ఎక్కువ. అందుకే అంత హోరులోనూ ఒక్క మనిషి గొంతు తేలి వస్తుంది.

ఆ గొంతు సరిగ్గా వినబడటానికి మేము పడ్డ పాట్లు క్లుప్తంగా చెబుతాను. ఇలాంటిది మీ ఊళ్లో మొదలుపెట్టాలనుకునేవాళ్లకు పనికొస్తుంది. సిమెంటు గోడల హాల్లో శబ్దం గోడకు కొట్టుకుని తిరిగివచ్చి తరువాతి మాట మీద పడుతుంది. బృందగానం వచ్చిందంటే ఒకటే రొద. ఇళ్లలో నుంచి పాత బొంతలు తెప్పించి వెనక గోడకు, పక్క గోడలకు దండేల మీద వేలాడదీశాం. స్పీకర్లను నేల మీద నుంచి లేపి, కూర్చున్న మనిషి చెవి ఎత్తుకు పెట్టాం. ఖర్చు లేని ఈ రెండు పనులతో వచ్చిన మార్పు, ఖరీదైన యంత్రం కొన్నా రాదు. ప్రొజెక్టరు ఎలాంటిదైనా ఫరవాలేదు, ముందు శబ్దం చూసుకోండి. బొమ్మ కాస్త మసకగా ఉన్నా జనం కూర్చుంటారు. మాట వినబడకపోతే లేచి వెళ్లిపోతారు.

ఇప్పుడు, ఇదంతా చేస్తుంటే నాకు బలంగా తోచిన సంగతి చెబుతాను.

పరాయి దేశం వాళ్ల నాటకం రికార్డింగు వేసిన మరుసటి నెల మనవాళ్ల పద్యనాటకం వేశాం. ఇంటర్నెట్లో దొరికేవి చూశారు కదా. హాలు చివర ఒకే కెమెరా. ముందు వరస వాళ్ల తలలు అడ్డం. రంగస్థలం మధ్యలో పైనుంచి వేలాడే ఒక మైకు. నటుడు పద్యం వచ్చినప్పుడల్లా నడుచుకుంటూ వచ్చి దాని కింద నిలబడాలి. హార్మోనియం మరీ దగ్గర, గొంతు మరీ దూరం. ఏళ్ల తరబడి సాధన చేసిన మనిషి ఆ రికార్డింగులో బొటనవేలంత కనబడతాడు. కిందటి నెల జోసే కంట్లో తడి చూసిన మా ఊరి జనానికి, ఈ నెల మన హరిశ్చంద్రుడి మొహమే కనబడలేదు. చూస్తూ కూర్చున్న నాకు కోపం వచ్చింది. లోపం నటుడిది ఎంతమాత్రం కాదు. పరదేశాల వాళ్లు తమ నాటకాన్ని రికార్డు చేయడానికి పలు కెమెరాలు పెడతారు. ప్రేక్షకుల కుర్చీలు కొన్ని తీసేసి అక్కడ నిలుపుతారు. ఏ క్షణంలో ఏ కెమెరా ఎవరిని చూడాలో ముందే కాగితం మీద రాసుకుంటారు. కెమెరాల కోసమే విడిగా రిహార్సల్ చేస్తారు. అదీ తేడా.

మన దగ్గర అంత డబ్బు లేదంటారు. ఉత్తర తెలంగాణలో ఒక మామూలు పెళ్లికి ఎన్ని కెమెరాలు వస్తున్నాయో చూడండి. క్రేను, డ్రోను, ఎల్‌ఈడీ తెర. ప్రతి మండల కేంద్రంలో ఆ పనివాళ్లు ఉన్నారు, పని బాగా వచ్చినవాళ్లు ఉన్నారు. ముహూర్తానికి జీలకర్ర బెల్లం పెట్టే క్షణాన్ని పోనివ్వకుండా పట్టుకునేవాడు, కీచకుడి మొహం మీద రంగు మారే క్షణాన్ని పట్టుకోలేడా? పట్టుకోగలడు. ఎప్పుడు వస్తుందో అతనికి తెలియదు, అంతే. నాటకం తెలిసిన మనిషి ఒకరు పక్కన కూర్చుని, ఇప్పుడు ఇతను పాడతాడు, ఇప్పుడు ఆమె తిరుగుతుంది అని చెబుతూ ఉంటే చాలు.

అలా చేసి చూశాం. మా దగ్గరికి వచ్చే చిందు యక్షగాన బృందంతో మాట్లాడి, వాళ్లు అడిగిన పారితోషికం ఇచ్చి, రికార్డింగు మీద హక్కు వాళ్లదేనని కాగితం రాసి, పెళ్లిళ్లు తీసే కుర్రాళ్లతో ఒక రాత్రి ఆటంతా తీయించాం. చిందు ఆట పెట్టెలాంటి రంగస్థలం మీద జరగదు. జనం చుట్టూ కూర్చుంటారు, మధ్యలో ఆట. కెమెరా ఎక్కడ పెట్టినా ఎవరికో ఒకరికి అడ్డమే. ఒక కెమెరాను ఎత్తున పెట్టి ఆట మొదటి నుంచి చివరి దాకా ఆపకుండా నడిపాం. ఒకటి గజ్జెల ఎత్తులో నేల మీద పెట్టాం, అడుగు కోసం. ఒకటి తాళం, మద్దెల, హార్మోనియం దగ్గర. ఒకటి చేత్తో పట్టుకుని మొహాల కోసం. తెల్లటి ఫోకస్ లైట్లు ఆర్పించాం. ఆ వెలుతురు పడితే మొహానికి పూసుకున్న అర్దళం పసుపు పాలిపోతుంది. కిరీటం, భుజకీర్తుల మీద మెరుపు చచ్చిపోతుంది. జనం కేకలకు విడిగా ఒక మైకు పెట్టాం. ఆ కేకలు లేని భాగోతం సగం భాగోతమే.

ఆ రికార్డింగు మా హాల్లో వేసినప్పుడు బృందమంతా వచ్చి ముందు కూర్చున్నారు. వాళ్లలో ప్రధాన వేషాలు కట్టే ఆవిడ తన ఆటను ఎదుటి నుంచి చూడటం అదే మొదటిసారి. తన ప్రవేశం దగ్గర రికార్డింగు ఆపమన్నారు. మళ్లీ వేయమన్నారు. మూడోసారి చూసి, ఆటలో తన ప్రవేశానికి ముందు అడ్డంగా తెర పట్టుకునే ఇద్దరి వైపు తిరిగి, "నా అడుగు పడకముందే దించేస్తున్నారు మీరు, ఇన్నేళ్లుగా జనం నా మొదటి అడుగు చూడటమే లేదు" అని గట్టిగా కేకలేశారు. తరువాతి ఊళ్లో ఆటలో ఆ తెర ఒక తాళం ఆలస్యంగా దిగింది. నేను అక్కడే ఉండి చూశాను.

ఇలా రికార్డింగులు తెర మీద వేస్తే ఆటగాళ్ల పొట్ట కొట్టినట్టు కాదా అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. చిందు ఎల్లమ్మ నిజామాబాద్ జిల్లాలో ఊరూరా తిరిగి ఆడిన రోజుల్లో ఆ ఆటకు ఊళ్లలో ఉన్న పిలుపు ఈరోజు లేదు. ఆమె 2005లో పోయారు. జనగామ ప్రాంతపు చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్య గారికి 2024లో పద్మశ్రీ ఇచ్చారు, మనమంతా సంతోషించాం. వరసగా ఆటలకు పిలవడం మాత్రం ఎంతమంది చేశారు? పిలుపు తగ్గడానికి కారణం రికార్డింగు అని నేను అనుకోను. అసలు మంచి రికార్డింగే లేదు కదా. మేము ఒక నియమం పెట్టుకున్నాం. ఏ బృందం రికార్డింగు వేసినా, ఆ ఏడాదిలో ఆ బృందాన్ని పిలిచి ఊళ్లో ఒక ఆట ఆడించాలి. చూసినవాళ్లే చందాలు వేస్తున్నారు. మంచి రికార్డింగు చూసిన పిల్లలు అసలు ఆటకు ముందు వరసలో కూర్చుంటున్నారు.

హనుమకొండలో కాళోజీ కళాక్షేత్రం వచ్చింది. నేరెళ్ల వేణుమాధవ్ గారి పేరిట కళాప్రాంగణం ఉంది. అక్కడ ఆడే ప్రతి నాటకాన్నీ శ్రద్ధగా రికార్డు చేసి, బృందాల అనుమతితో, వాళ్లకు రుసుము చెల్లించి, ఊళ్లలోని హాళ్లకు పంపించే ఏర్పాటు ఒకటి జరగాలని నా కోరిక. ఒక్క తెర, రెండు స్పీకర్లు, కొన్ని బొంతలు ఉన్న ఊరు ఏదైనా వాటిని వేసుకోగలదు. ఇక్కడ కూర్చున్నవాళ్లలో ఆ పని చేయగల అధికారం ఉన్నవాళ్లు ఉన్నారు. మిమ్మల్ని చూసే ఈ మాట అంటున్నాను.

చివరగా ఒక విన్నపం. మీ ఇళ్లలో అటకల మీద పాత నాటకాల వీడియో క్యాసెట్లు, ఒగ్గుకథల ఆడియో క్యాసెట్లు ఉంటే పారేయకండి. తేమ తగిలిన టేపు ఒకదానికొకటి అంటుకుపోతుంది. అలాంటిదాన్ని ప్లేయర్లో పెట్టి చూడకండి, తెగుతుంది. అలాగే తీసుకొచ్చి ఇవ్వండి, కంప్యూటర్‌లోకి ఎక్కించి మీ క్యాసెట్ మీకు తిరిగి ఇస్తాం. గుమ్మం దగ్గర బల్ల మీద ఒక పుస్తకం పెట్టాం. మీ ఊరి పేరు, మీ దగ్గర ఉన్నదేమిటో అందులో రాసి వెళ్లండి. ఇప్పుడు ప్రశ్నలేమైనా ఉంటే అడగండి, చెబుతాను.